డిష్ తిప్పిందెవరు

అబద్ధానికి సంతకం పెట్టినోన్ని నేను. ఒక్కసారే పెట్టిన. దాని పాపం ఇప్పటిదాంక మోస్తున్న. అందుకే మీ ముందట కూసొని ఇంకో అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు. నా ఇద్దరు పిల్లల మీద ఒట్టు... ఇప్పుడు చెప్పేది జరిగింది. నాకే జరిగింది. రమణ సార్, మీరు నవ్వితే నవ్వుకోండ్రి. నవ్వట్లేదండీ అంటున్నరు గని మీ పెదవులు చెప్తనే ఉన్నయ్. పర్వాలేదు. మధ్యల మాత్రం లేచి పోవద్దు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల సంగతి. అప్పుడు నేను పాతబస్తీల, హుస్సేనీ ఆలంల ఒక కేబుల్ సేటు దగ్గర పని చేస్తుంటి. సేటు పేరు చెప్పను. ఆ పేరు నోట్లకు వస్తే ఇప్పటికీ నోరు చేదైతది. వాళ్ళది తాతల కాలం నుంచి పాల దందా. బర్లు అమ్మి డిష్‌లు కొన్నడు. మూడంతస్తుల పాత బిల్డింగు. పై అంతస్తుల కంట్రోల్ రూం. దాని మీద డాబా. డాబా మీద పన్నెండు ఫీట్ల, వల లెక్కటి జాలీ డిష్‌లు నాలుగు. చుట్టుపక్కల గల్లీలన్నిటికి టీవీ అక్కణ్ణుంచే పోతుండె.

నాకు పని నేర్పింది గఫూర్ భాయ్. వైరు కొన చెక్కుడు నుంచి డిష్ నిలబెట్టుడు దాంక ఆయన దగ్గరనే నేర్చుకున్న. నలభై ఏండ్లుంటయ్. మెత్తని మనిషి. ఐదు పూటల నమాజు చదువుతడు. పాన్ కూడ తినడు. సేటు ఎంత ఒర్రినా ఎదురు మాట అనడు. నాకు ఆ ఒక్కటే నచ్చకపోతుండె ఆయనల.

ఇప్పుడొక పని సంగతి చెప్పాలె, లేకపోతే మీకు తర్వాతది సమజ్ కాదు. డిష్ తిప్పుడంటే ఇద్దరి పని. ఒకడు పైన డిష్ దగ్గర ఉండాలె. ఒకడు కింద రిసీవర్ ముందట సిగ్నల్ అంకె చూసుకుంట ఉండాలె. పైనోనికి అంకె కనబడదు, కిందోనికి డిష్ కనబడదు. వేరే దగ్గర అయితే కేకలేసుకుంటరు... జర ఇటు, బస్ బస్ అని. మా దగ్గర గట్ల నడవదు. పగటిపూట లైన్ బంద్ పెడితే సీరియల్ పోయిందని ఆడోళ్ళు సేటు ఇంటి మీదికి వస్తరు. అందుకని పన్నెండు దాటినంకనే పని. అర్ధరాత్రి కేకలేస్తే పక్కింటి ముసలమ్మ కిటికీ తెరిచి మా తాతలదాంక పోయి తిడతది.

అందుకే గఫూర్ భాయ్ ఒక పద్ధతి పెట్టిండు. డాబా మీది వైర్లన్ని ఒక ఇనుప పైపుల నుంచి కింద గదిలకు దిగుతయ్. ఆ పైపు మీద నేను కింద నుంచి పానాతోని కొట్టాలె. ఒక దెబ్బ అంటే జర జరుపు. రెండు దెబ్బలంటే ఆపు. మూడంటే ఎక్కువైంది, వెనక్కి రా. పనంత అయ్యి బోల్టులు బిగించినంక ఆయన పైన నుంచి ఒక్కటి కొడ్తడు. అయిపోయింది, చాయ్‌కి పోదాం పా అని. నాలుగేండ్లు మేము గట్లనే చేసినం. ఈ పద్ధతి ఊర్ల ఇంకెవ్వరికి లేదు. మా ఇద్దరికే.

ఆ యేడు వానకాలం... ఒక రాత్రి గాలికి డిష్ కదిలి రెండు చానళ్ళు పోయినయ్. సేటు మమ్మల్ని పిలిచిండు. పిలిచి, నన్ను అఫ్జల్‌గంజ్ పొమ్మన్నడు. అక్కడ ఆయన బామ్మర్ది ఇంట్ల టీవీల గీతలు వస్తున్నయట. రాత్రి పన్నెండున్నరకు గీతలు! గఫూర్ భాయ్ ఒక్కడే ఉన్నడు. పైకి పోవుడు, డిష్ నూకుడు, కిందికి ఉరుకుడు, అంకె చూసుడు, మల్ల పైకి. వానల. గల్లీ దిక్కు పిట్టగోడ కూలి అప్పటికే ఆర్నెల్లు. నా ముందటనే మూడుసార్లు అడిగిండు, "సేటూ, దీవార్ బనాదో" అని. కట్టిస్త కట్టిస్త అనుకుంటనే పోయిండు సేటు. నేను అఫ్జల్‌గంజ్ నుంచి వచ్చేసరికి గల్లీల జనం ఉన్నరు. ఒకరు దుప్పటి కప్పుతున్నరు.

మూడో రోజు పిట్టగోడ లేచింది. కొత్త ఇటుక, కొత్త సిమెంటు. మనిషి బతికుండంగ ఆర్నెల్లు తీరని గోడ, మనిషి పోయినంక మూడు రోజుల్ల లేచింది.

ఆగండ్రి, ఇంకా ఉంది. బస్తీ పెద్దమనుషులు కూసున్నరు. ఎట్ల పడ్డడు, ఎందుకు పడ్డడు అని అడిగిన్రు. సేటు ఒక కాగితం తీసి చదివిండు. గఫూర్ ఆ రాత్రి తాగి వచ్చిండు, వద్దన్నా వినకుండ డాబా ఎక్కిండు అని. కింద సాక్షి సంతకం... నాది.

అవును, నాదే. పొద్దుగల సేటు నన్ను గదిల కూసోబెట్టి అన్నడు, "అక్కడ ఉండాల్సినోడివి నువ్వు. నువ్వు లేవు గనుకనే పడ్డడు. లొల్లి అయితే ఎవరి మెడకు చుట్టుకుంటది? ఆలోచించుకో." నన్ను పంపింది నువ్వే కదరా అని అడగాలె. అడగలే. నా పెండ్లయ్యి ఆర్నెల్లు. భయమయ్యింది. పెట్టిన. భాభీ, అంటే గఫూర్ భాయ్ భార్య, తెర వెనుకల కూసొని అంత విన్నది. ఆమె పక్కన పదిహేనేండ్ల బిడ్డ.

నమాజీ మనిషిని తాగుబోతు అని రాస్తే ఆ ఇంటికి ఏమైతదో మీకు నేను చెప్పాల్నా? గల్లీల పోరగాండ్లు ఆ పిల్లను చూసి తూలినట్టు నడుచుకుంట పోతుండిరి. నెల తిరగకముందే తల్లీబిడ్డ జల్‌పల్లిల భాభీ తమ్ముని ఇంటికి పోయిన్రు. నేను అదే గదిల, అదే సేటు దగ్గర, పని చేసుకుంట కూసున్న. సేటు మీద ఎంత కోపమో నా మీద అంతకు రెండింతలు. పొద్దున అద్దంల మొఖం చూసుకోబుద్ధి కాకపోతుండె.

గఫూర్ భాయ్ పోయిన రెండు నెలలకు ఆటల చానల్ పాత పద్ధతిల బంద్ అయ్యింది. డిజిటల్ల వస్తదన్నరు. అది కూడ వేరే సాటిలైట్ మీదికి మారింది. సేటు కొత్త రిసీవర్ తెచ్చిండు. ఇంట్ల పెట్టుకునే డబ్బా కాదది. అడుగున్నర వెడల్పు ఇనుప డబ్బా, రెండు పక్కల చెవులు, బోల్టులతోని ర్యాక్‌కు బిగించాలె. ముందట వేలెడంత తెర, నాలుగు బాణం బటన్లు, కార్డు పెట్టే సందు, లాక్ అని రాసున్న ఒక చిన్న బత్తి. చానల్ ఫ్రీక్వెన్సీ అంకెలన్ని సరిగ్గ కొట్టి, డిష్ సరిగ్గ నిలబెడితేనే ఆ బత్తి ఎలుగుతది. పాత రిసీవర్ అయితే డిష్ జర అటిటు ఉన్నా చుక్కలు చుక్కలు బొమ్మ వచ్చేది. డిజిటల్ల గట్ల లేదు. వస్తే నిండుగ వస్తది, లేకపోతే ఉత్త నలుపు.

"రేపు పొద్దున తొమ్మిదికి మ్యాచ్ ఉంది" అన్నడు సేటు. "మ్యాచ్ రాకపోతే జనం పక్కోని లైన్ పట్టుకుంటరు. రాత్రికి అయిపోవాలె."

"ఒక్కన్నితోని కాదు సేటూ. ఇంకో మనిషినియ్యి. లేకపోతే రిసీవర్‌ను, చిన్న టీవీని డాబా మీదికి తీస్కపోనియ్యి. అక్కడనే చూసుకుంట తిప్పుత."

"వానల కొత్త మాల్ బైట పెడతవా? తడిస్తే తోలు తీస్త. ఒక్కడే చేస్కో. గఫూర్ చేయలేదా?"

గఫూర్ చేయలేదా... అన్నడు. ఆ మాట అనుకుంట మెట్లు దిగి పోయిండు. పానా నా చేతులనే ఉంది. ఆ టైంల నా మనసుల ఏమొచ్చిందో మీకు చెప్పను.

పన్నెండు దాటినంక మొదలుపెట్టిన. డబ్బా ర్యాక్‌ల ఎక్కించిన. వైర్లు కలిపిన. కార్డు పెట్టిన. అంకెలు కొట్టిన, రెండుసార్లు సరిచూసుకున్న. పైకి పోయి డిష్‌ను కంబానికి పట్టి ఉంచే క్లాంపు బోల్టులు వదులు చేసి డిష్‌ను అందాజగ కొత్త దిక్కుకు తిప్పిన. సన్నని వాన. ఆ కొత్త పిట్టగోడ దిక్కు చూడొద్దనుకున్న. చూసిన. కిందికొచ్చి తెర చూస్తే సిగ్నల్ తొమ్మిది. బొమ్మ రావాలంటే అరవై దాటాలె. మల్ల పైకి. జర నూకిన. కిందికి. పదకొండు. పైకి. కిందికి. ఏడు. గిట్ల ఏడుసార్లు ఎక్కి దిగిన. మోకాళ్ళు పోయినయ్. గఫూర్ భాయ్ ఆ రాత్రి ఎన్నిసార్లు ఎక్కి దిగిండో... ఎన్నోసారికి పడ్డడో... అదే ఆలోచన.

ఏడోసారి దిగి డాబా తలుపు మూసి గొలుసు పెట్టిన. లోపలి దిక్కు నుంచి. వాన జల్లు మెట్ల మీదికి కొడుతుందని పెట్టిన. ఇది గుర్తు పెట్టుకోండ్రి. బిల్డింగుల నేను తప్ప ఎవ్వరు లేరు. కింద షట్టర్ బంద్, తాళంచెవి నా జేబుల. స్టూల్ మీద కూలబడ్డ. తెర మీద పన్నెండు. కోపంతోని కండ్లల్ల నీళ్ళొచ్చినయ్.

చేతిల పానా ఉంది. పక్కన పైపు ఉంది. నాలుగేండ్ల అలవాటు. అంకె చూసుకుంట... ఆలోచన లేకుండ... కొట్టిన.

టంగ్.

కొట్టినంక గుర్తొచ్చింది. పైన ఎవరున్నరని కొట్టిన? నా మీద నాకే అసహ్యం వేసింది. పానా కింద పెడుదామని వంగిన.

తెర మీద పన్నెండు... పద్నాలుగు అయ్యింది.

ఊరికనే ఒకటి రెండు అంకెలు ఊగుతనే ఉంటయ్. అది నాకు తెల్సు. మల్ల కిందికి పడ్తదని చూసిన. పడలే. ఫ్యాన్ గిరగిర. ర్యాక్‌ల డబ్బాల గుయ్యిమనే చప్పుడు. ఇంకొకటి కొట్టిన. మెల్లగ.

టంగ్.

పద్దెనిమిది... ఇరవై ఒకటి. ఆగింది.

పైన చప్పుడు. మీకెట్ల చెప్పాలె... డిష్ తిరిగితే క్లాంపు దాని కంబాన్ని రాస్తది. కిర్... ర్... ర్... మని. నాలుగేండ్లు విన్న చప్పుడు. ఎక్కడున్నా గుర్తుపడ్త.

అప్పుడు పారిపోవాలె. మీరైతే పారిపోతరు. నేను పోలే ఎందుకో. చెయ్యి దాని పని అది చేసుకుంట పోయింది. ఒక దెబ్బ... ముప్పై. ఒక దెబ్బ... ముప్పై ఎనిమిది. కిర్ర్. ఒక దెబ్బ... నలభై నాలుగు. ఒక దెబ్బ. అంకె నలభై ఒకటికి పడ్డది. ఎక్కువైంది అన్నట్టు. మూడు కొట్టిన. టంగ్. టంగ్. టంగ్.

ఆగింది... పైన ఎవరో వింటున్నట్టే ఆగింది. తర్వాత కిర్ర్ అని... వెనక్కి. నలభై ఆరు. యాభై రెండు. అరవై. రెండు కొట్టిన.

ఆగిపోయింది. అరవై ఒకటి మీద నిలబడ్డది. లాక్ బత్తి పచ్చగ ఎలిగింది. నల్లగ ఉన్న టీవీల పచ్చటి గ్రౌండు, తెల్ల బట్టల ఆటగాండ్లు, చప్పట్లు. ఏదో పాత మ్యాచ్. అంత నిండు బొమ్మ ఆ గదిల నేను ఎన్నడు చూడలే.

అప్పుడు పైపు మోగింది. నేను కొట్టలే. పైన నుంచి. ఒక్కటే. టంగ్.

అయిపోయింది, చాయ్‌కి పోదాం పా.

భయం అయ్యిందా అని అడగండ్రి. అయ్యింది. గని భయం ఎనుక నుంచి కోపం లేచింది సార్... గట్ల ఎన్నడు లేవలే. పైపును రెండు చేతులతోని పట్టుకొని ఒర్రిన.

"ఎందుకు చేసినవ్? ఎవని కోసం చేసినవ్? బతికున్నప్పుడు వానికి ఎదురు చెప్పలే. నిన్ను తాగుబోతును చేసిండు వాడు. నేను సంతకం పెట్టిన, నేను! నా గొంతు పట్టుకో! వాని గొంతు పట్టుకో! సచ్చినంక కూడ వాని మ్యాచ్ కోసం డిష్ తిప్పుతున్నవా? నీకు సిగ్గు లేదా గఫూర్ భాయ్?"

పక్కింటి కిటికీ తెరుచుకోలే. ముసలమ్మ తిట్టలే. అంత గట్టిగ ఒర్రితే ఎవ్వరు లేవలే.

తర్వాత... నా నెత్తి మీద, డాబా మీద... నడక. చెప్పులు ఈడ్చుకుంట. డిష్ దగ్గర నుంచి మెల్లగ... గల్లీ దిక్కు. నేను తల పైకెత్తి చప్పుడు ఎటు పోతే అటు తిప్పుకుంట ఉన్న. ఒక అడుగు. ఇంకో అడుగు. పిట్టగోడ ఉన్న జాగాల ఆగింది. నేను చెవులు మూసుకున్న. పడ్డ చప్పుడు వస్తదని. ఎంతసేపు అట్ల ఉన్ననో తెల్వదు. రాలే. చేతులు తీస్తే టీవీల చప్పట్లే వినబడుతున్నయ్.

పైకి పోయిన. అవును, పోయిన. గొలుసు పెట్టినట్టే ఉంది. తీసి పోయిన. ఎవ్వరు లేరు. వాన ఆగింది. పిట్టగోడ మీద చెయ్యి పెట్టి కిందికి చూసిన, గల్లీల ఒక కుక్క పండుకొని ఉంది. డిష్ దగ్గరికొచ్చి క్లాంపు బోల్టులు పట్టుకుంటే... బిగించి ఉన్నయ్. నేను పానా పెట్టి జోర్ చేసినా కదలలే. ఆ పానా రాత్రంత నా చేతులనే ఉంది.

ఆ, అనండ్రి రమణ సార్. "గాలికి తిరిగి ఉంటుందండీ" అంటరు. నేను కూడ అనుకున్న. బోల్టులు వదులుగ ఉంటే డిష్‌ను గాలి తిప్పుతది. ఆ ఇనుప పైపును కూడ గాలే మోగించి ఉంటది. బోల్టులు ఏడోసారి దిగేటప్పుడు నేనే తిక్కల బిగించిన్నేమో, గుర్తు లేదేమో. రెండు నెలల నుంచి సరిగ్గ నిద్రపోనోన్ని. అన్ని ఒప్పుకుంట. మూడు దెబ్బలకు వెనక్కి తిరిగిన గాలిని మాత్రం నేను ఎన్నడు చూడలే. ఉంటే మీరే చూపించండ్రి.

పొద్దున ఎనిమిదింటికి సేటు వచ్చిండు. బొమ్మ చూసి మస్తు ఖుషీ అయ్యిండు. నా భుజం మీద చెయ్యి వేసిండు.

"చూసినవా? ఒక్కడివే చేసినవ్. ఆ తాగుబోతు ఉన్నప్పుడు ప్రతిదానికి ఇద్దరు కావాలె అంటుండె."

ఆ చెయ్యి తీసి పడేసిన. మెట్లు దిగిన. కింద చాయ్ హోటల్‌ల జనం మ్యాచ్ కోసం కూసొని ఉన్నరు, ఆ రోజు కాగితం విన్న పెద్దమనుషులు కూడ ఉన్నరు. టీవీ ముందట అడ్డంగ నిలబడ్డ. జరుగు జరుగు అని ఒర్రిన్రు. జరగలే.

"గఫూర్ భాయ్ తాగలే. నేను ఆ రాత్రి ఇక్కడ లేను, నన్ను సేటే అఫ్జల్‌గంజ్ పంపిండు. గోడ కట్టియ్యమని ఆయన మూడుసార్లు అడిగిండు. నేను పెట్టింది దొంగ సంతకం" అన్న.

సేటు మెట్ల మీద నుంచి నా దిక్కు చూస్తుండె. ఒక పెద్దమనిషి లేచి చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి, సేటుకు సలాం కొట్టకుండ బైటికి పోయిండు. ఆ గల్లీల ఎవ్వరు సేటుకు సలాం కొట్టకుండ పోరు. నా నౌకరీ అక్కడనే అయిపోయింది. నేను ఫికర్ చేయలే.

అటు నుంచి అటే జల్‌పల్లి పోయిన. కొత్త కాలనీ, సగం కట్టిన ఇండ్లు. భాభీ తలుపు దగ్గర నిలబడ్డది. లోపలికి రమ్మనలే. ఆమె ఉర్దూల మాట్లాడింది, నేను మీకు తెలుగుల చెప్తున్న. హోటల్‌ల చెప్పినదంత చెప్పిన. తల వంచుకొని చెప్పిన.

"నాకు చెప్తవేంది?" అన్నది. "ఇరవై ఏండ్లు ఆయన పక్కన పండుకున్న. ఆయన నోరు ఏం వాసన వస్తదో నాకు తెల్వదా? పిల్లకు చెప్పు."

పిల్లను పిలిచింది. చెప్పిన. ఆ పిల్ల ఏడవలే, నా మొఖం కూడ చూడలే. "మా అబ్బా తాగలేదని మా బడిల వచ్చి చెప్తవా?" అని ఒక్క మాట అడిగింది. చెప్త అన్న. తర్వాత వారంల పోయి చెప్పొచ్చిన కూడ.

అక్కడితోని ఊకోవాలె నేను. ఊకోలే. రాత్రి సంగతి చెప్పిన. పైపు, దెబ్బలు, నడక... అంత. గఫూర్ భాయ్ వచ్చిండని చెప్తే ఆమెకు జర ధైర్యం అయితది అనుకున్న. ఎంత తెలివితక్కువోన్నో చూడండ్రి.

భాభీ మొఖం మారిపోయింది. నా సంతకం గురించి విన్నప్పుడు కూడ అంత కోపం రాలే ఆమెకు.

"రెండు నెలల నుంచి, అక్కడైనా ఇక్కడైనా, తలుపుకు గొళ్ళెం పెట్టకుండ పండుకుంటున్న నేను" అన్నది. "పిల్ల రోజు రాత్రి అబ్బా చెప్పుల చప్పుడు కోసం చెవులు పెట్టి పండుకుంటది. ఒక్క రాత్రి రాలే. కలల కూడ రాలే. సేటు డబ్బా దగ్గరికి వచ్చిండా? ఆ గోడ దగ్గరికి వచ్చిండా? ఆయనేనా? సరిగ్గ చెప్పు. ఆయనేనా?"

ఏం చెప్పాలె సార్? ఆయనే అంటే ఆమెకు ఎంత అన్యాయం. ఆయన కాదంటే... మరి పైన ఉన్నదెవరు? నేను ఎవరిని పట్టుకొని గఫూర్ భాయ్ అని ఒర్రిన? ఎవరికి నా సంతకం సంగతి ఒప్పుకున్న? ఇన్నేండ్లయ్యింది. ఇప్పటికీ నాకు తెల్వదు. ఒట్టు, తెల్వదు.

"తెల్వదు భాభీ" అన్న.

ఆమె తలుపు మూసింది. నేను ఇంకా మెట్టు మీదనే ఉన్న. లోపల గొళ్ళెం పెట్టిన చప్పుడు వినబడ్డది.